ఇంటర్నెట్ మన మెదడును ఏం చేస్తోంది, చెదిరిన ధ్యాసను తిరిగి తెచ్చుకోవడం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖను ఊపేసిన రోజు. మర్నాటి నుంచి చాలా రోజులు మా వీధిలో కరెంటు లేదు, ఫోన్‌లో సిగ్నల్ లేదు. రోడ్లకు అడ్డంగా చెట్లు. పాలకు, మంచినీళ్లకు, పెట్రోలుకు క్యూలు. ఆ కష్టాన్ని తీపి గుర్తుగా మార్చి చెప్పే ఉద్దేశం నాకు లేదు, పైకప్పు రేకులు ఎగిరిపోయిన ఇళ్లు మా వెనక వీధిలోనే చూశాను. కానీ ఆ వారంలో నా చేతిని నేను గమనించాను. ఫోన్‌లో చార్జింగ్ లేదని తెలుసు. తెలిసినా, కాస్త ఖాళీ దొరికితే చాలు, చేయి దానివైపు వెళ్లేది. రెండో రోజు వెళ్లింది, మూడో రోజు వెళ్లింది. ఐదో రోజుకు వెళ్లడం మానేసింది. అందుకోసం నేనేమీ ప్రత్యేకంగా నిగ్రహం పాటించలేదు. దొరికేదేమీ లేకపోయేసరికి చేయి తనంతట తానే మానుకుంది.

రెండేళ్ల కిందట ఆ వారం మళ్లీ గుర్తొచ్చింది. బ్యాంకులో ప్రమోషన్ పరీక్షకు చదువుతున్నాను. పది పేజీలు వరసగా చదవలేకపోయాను. కళ్లు అక్షరాల మీద నడుస్తున్నాయి కానీ లోపలికి ఏదీ దిగడం లేదు. ఇంట్లో ఇంటర్ రెండో సంవత్సరం అబ్బాయిది అదే పరిస్థితి. వాడిని తిట్టేముందు నా సంగతి చూసుకోవాలనిపించింది. అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికిన పరిశోధనలు చదువుతూ, ఒక్కో పద్ధతినీ మా ఇంట్లో ప్రయత్నించి చూస్తూ వచ్చాను. పనికొచ్చినవి ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. మన మెదడు పాడైపోలేదు. రోజూ ఏ పని చేయిస్తే ఆ పనిలో ఆరితేరడం దాని స్వభావం. రోజుకు వందసార్లు ధ్యాస మళ్లించే సాధన చేయిస్తున్నాం, అది మళ్లించడంలో ఆరితేరింది. కాబట్టి మనసును తిట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదు. చుట్టూ ఉన్న ఏర్పాటు మార్చాలి.

మొదలుపెట్టే ముందు: లోపల ఏం జరుగుతోంది?

ఈ భాగం దాటేసి నేరుగా అడుగులకు వెళ్లిపోకండి. ఎందుకు చేస్తున్నామో తెలిస్తేనే ఏ అలవాటైనా నిలబడుతుంది.

డోపమైన్ అనే మాట అందరం వింటున్నాం. అది ఆనందాన్నిచ్చే రసాయనం అని చాలామంది చెబుతారు, అది సగం మాటే. వుల్ఫ్రమ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ కణాలను గమనించాడు. అనుకోకుండా పండ్లరసం దొరికినప్పుడు ఆ కణాలు చురుగ్గా స్పందించాయి. రసం వచ్చే ముందు ఒక సంకేతం ఇవ్వడం అలవాటు చేశాక, రసం దగ్గర స్పందన ఆగిపోయి సంకేతం దగ్గరే మొదలైంది. వస్తుందనుకున్న రసం రాకపోతే వాటి స్పందన మామూలు కంటే పడిపోయింది. 1997లో తోటి పరిశోధకులతో కలిసి ఆయన ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో మైలురాయి. అంటే డోపమైన్ పని ప్రధానంగా ఆశించడం, నేర్చుకోవడం. మన ఫోన్ టింగ్ మన్న చప్పుడే ఆ సంకేతం. లోపల ఏముందో చూడకముందే మెదడు లేచి కూర్చుంటుంది.

బీచ్ రోడ్డు పక్కన రాళ్ల మీద గాలం వేసి కూర్చునే పిల్లల్ని చూడండి. వేసిన ప్రతిసారీ చేప పడితే పది చేపలకు లేచి ఇంటికి పోతారు. ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టే చీకటి పడినా కదలరు. రీల్స్ కూడా అంతే. పది వీడియోల్లో ఒకటి బాగుంటుంది, అది ఎన్నోదో తెలియదు. పైగా గాలానికి ఎర అయిపోతుంది, ఫోన్‌లో ఎర అయిపోదు. పేజీకి అడుగు అనేదే లేకుండా కిందికి జారుతూ పోయే పద్ధతిని 2006లో తయారుచేసిన ఏజా రాస్కిన్, తర్వాతి రోజుల్లో దాని ఫలితాలు చూసి బహిరంగంగానే పశ్చాత్తాపపడ్డాడు. ఆగాల్సిన చోటు కనపడకపోతే మనిషి ఆగడు. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీనితోనే మనకు పని.

రెండోది ధ్యాస మారడం. గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. 2004 ప్రాంతంలో ఒక స్క్రీన్ మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచిన చూపు, ఇటీవలి సంవత్సరాల్లో 47 సెకన్ల దగ్గరకు వచ్చింది. మారితే ఏం పోయిందని అడగవచ్చు. క్యాష్ కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు దీనికి జవాబు తెలుసు. నోట్లు లెక్కపెడుతుండగా ఎవరైనా పలకరిస్తే, జవాబు చెప్పి అక్కడి నుంచే లెక్క కొనసాగించలేం. మళ్లీ మొదటి నోటు నుంచి రావాల్సిందే. చదువు, వంట, రాత, లెక్కలు అన్నింటికీ ఇదే వర్తిస్తుంది. పైగా వదిలొచ్చిన పని తాలూకు ఆలోచన కొంత మనసులో అంటుకునే ఉంటుంది. 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు దాన్ని ‘ధ్యాసలో మిగిలిన మడ్డి’ అనే అర్థం వచ్చే మాటతో వివరించారు. కాఫీ గ్లాసు కడగకుండా మజ్జిగ పోసుకున్నట్టు, కొత్త పనిలో పాత పని రుచి తగులుతూనే ఉంటుంది.

మూడోది జ్ఞాపకం. 2011లో బెట్సీ స్పారో, ఆమె సహచరులు చేసిన ప్రయోగంలో కొందరికి చిన్న చిన్న విషయాలు కంప్యూటర్‌లో టైప్ చేయమని ఇచ్చారు. ఇవి చెరిగిపోతాయి అని చెప్పినవాళ్లకు విషయాలు బాగా గుర్తున్నాయి. ఇవి భద్రంగా ఉంటాయి అని చెప్పినవాళ్లకు అంతగా గుర్తులేవు. ఎక్కడ దాచారో మాత్రం చాలాసార్లు విషయం కంటే మెరుగ్గా గుర్తుండేది. ఇందులో భయపడాల్సింది పెద్దగా లేదు. ఏ పండగకు ఏ పిండివంటో అత్తగారికి గుర్తుంటుందిలే అని మనం గుర్తుపెట్టుకోవడం మానేస్తాం కదా, ఇల్లంతా జ్ఞాపకాలు పంచుకునే ఆ పద్ధతిలోకి ఇప్పుడు ఫోన్ కూడా వచ్చి చేరింది. చిక్కల్లా ఒక్కటే. ఆలోచించడానికి కావాల్సిన ముడిసరుకు లోపల ఉండాలి. సూత్రాలన్నీ ఫోన్‌లో పెట్టుకున్న పిల్లాడు పరీక్షలో రెండు సూత్రాలను కలిపి లెక్క చేయలేడు.

ఇక నమ్మకూడనివి. మనిషి ధ్యాస గోల్డ్ ఫిష్ కంటే తక్కువై ఎనిమిది సెకన్లకు పడిపోయిందన్న మాట తెగ తిరుగుతోంది. దానికి గట్టి ఆధారం లేదు. 2024లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులవాళ్లు ఆ ఏటి మాటగా ‘బ్రెయిన్ రాట్’ను ఎంచుకున్నారు కానీ అది రోగం పేరు కాదు, మాట వాడకం మాత్రమే. 2019లో ఎమీ ఆర్బెన్, ఆండ్రూ ప్షిబిల్‌స్కీ అనే పరిశోధకులు మూడున్నర లక్షలమందికి పైగా టీనేజర్ల వివరాలు పరిశీలించారు. వాళ్ల మానసిక క్షేమంలో కనిపించే తేడాల్లో స్క్రీన్ వాడకంతో ముడిపడింది 0.4 శాతం లోపే. ఇంకో సంగతి: లాస్ ఏంజెలెస్‌లో గ్యారీ స్మాల్ బృందం 55 నుంచి 76 ఏళ్లవాళ్లు 24 మందిని పరిశీలిస్తే, ఇంటర్నెట్‌లో వెతకడం అలవాటున్న పెద్దల మెదడు ఆ వెతికే సమయంలో పుస్తకం చదివేటప్పటి కంటే ఎక్కువ భాగాల్లో చురుగ్గా కనిపించింది. అందుకే మా అత్తగారు తిథి ఎప్పుడు మారుతుందో వెతుక్కుంటుంటే నేను అడ్డం చెప్పను. ఎన్ని గంటలు చూశారన్న దానికన్నా ఏం చూశారు, దేన్ని పక్కకు నెట్టి చూశారు అన్నది ముఖ్యం. నిద్రను నెడితే నష్టం, చదువును నెడితే నష్టం.

మొదటి అడుగు: ఒక వారం ఊరికే లెక్క రాయండి

ఈ వారంలో ఏదీ మార్చకండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్ తెరవండి. అందరూ గంటలు చూసి బెంగపడతారు. మీరు గంటలకు బదులు ఫోన్ ఎన్నిసార్లు అన్‌లాక్ చేశారో చూడండి. మెదడుకు కోత పడేది అక్కడ. మూడు గంటలు కూర్చుని ఒక పాఠం విన్నవాడి కంటే, మొత్తం గంటసేపే వాడినా నూట ఇరవైసార్లు తెరిచినవాడి ధ్యాస ఎక్కువ చెదురుతుంది.

ఒక పాత నోటుబుక్కు తీసుకుని రాత్రి ఐదు నిమిషాలు మూడు సంగతులు రాయండి: ఎన్నిసార్లు తెరిచాను, ఏ వేళలో ఎక్కువ, తెరవడానికి సరిగ్గా ముందు ఏం జరిగింది. ఈ మూడోదే అసలైనది. నా పుస్తకంలో మొదటి వారం పడ్డవి ఇవి: సిస్టమ్ హ్యాంగ్ అయింది, లిఫ్ట్ కోసం నిలబడ్డాను, కస్టమర్‌తో గొడవైంది, కూర ఉడుకుతోంది, మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది, నిద్ర పట్టలేదు. వీటిలో ఒక్కటి కూడా ఫోన్ అవసరమైన సందర్భం కాదు. ఖాళీ, చిరాకు, టెన్షన్. చేయి వాటికి మందు వెతుక్కుంటోంది. హుద్‌హుద్ వారంలో చూసిన చేయే ఇది.

మీ జాబితాలో ఏవి తరచుగా వస్తున్నాయో రెండింటికి గీత గీయండి. ముందు ఆ రెండింటితోనే పని.

రెండో అడుగు: చప్పుళ్లు ఆపండి

ఇది అరగంట పని. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లు తెరిచి, మనిషి పంపేవి ఉంచి, యాప్ పంపేవన్నీ ఆపండి. అమ్మ ఫోన్, స్కూల్ మెసేజ్, బ్యాంకు ఓటీపీ ఉండాలి. సేల్ మొదలైంది, ఫలానావాళ్లు ఫొటో పెట్టారు, మీకోసం కొత్త వీడియో లాంటివి పోవాలి. వాట్సాప్ గ్రూపులన్నీ మ్యూట్. అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ కబురు తప్పిపోతుందేమోనని నేనూ వెనకాడాను. అంత అవసరమైతే వాచ్‌మన్ వచ్చి బెల్ కొడతాడు. రెండేళ్లలో ఒక్కసారి కూడా నీళ్లు తప్పలేదు.

మూడో అడుగు: ఫోన్ ఉండే చోటు మార్చండి

నన్నడిగితే మొత్తం మార్గదర్శిలో ఇదొక్కటే చేసినా సగం పని అయినట్టే.

2017లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ వార్డ్, సహచరులు విద్యార్థులకు ధ్యాస, ఆలోచన కొలిచే పరీక్షలు పెట్టారు. ఫోన్లన్నీ సైలెంట్‌లోనే ఉన్నాయి. కొందరి ఫోన్ బల్ల మీద, కొందరిది జేబులోనో సంచిలోనో, కొందరిది పక్క గదిలో. పక్క గదిలో పెట్టినవాళ్లు బల్ల మీద పెట్టుకున్నవాళ్ల కంటే బాగా చేశారు. ఆ తర్వాత ఇలాంటి ప్రయోగాలు చేసినవాళ్లందరికీ ఇదే ఫలితం రాలేదు, అది కూడా చెప్పాలి. కానీ దీనికి ఖర్చేమీ లేదు, వారం రోజులు ఎవరికి వారు పరీక్షించి చూసుకోవచ్చు.

మా ఇంట్లో చేసిన ఏర్పాటు ఇది. హాల్లో చెప్పుల స్టాండ్ పైన ఒక చెక్క అర, దానికి చార్జర్లు. ఇంటికి రాగానే చెప్పులు కింద, ఫోన్లు పైన. ఫోన్ కావాలంటే అక్కడికి వెళ్లి, నిలబడి చూసుకోవాలి. కూర్చుని చూస్తే అరగంట, నిలబడితే నాలుగు నిమిషాలు, కాళ్లే గుర్తుచేస్తాయి. రింగ్ మాత్రం పెద్దగా పెట్టుకుంటాం. పాత ల్యాండ్‌లైన్ రోజుల పద్ధతి ఇది. అప్పుడు ఫోన్ గోడకు కట్టి ఉండేది, మనిషి తిరిగేవాడు.

ఫోన్ లోపల కూడా చోటు మార్చండి. ఎక్కువ లాగే రెండు యాప్‌లను మొదటి స్క్రీన్ మీంచి తీసేసి, లాగౌట్ చేసి, ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టాల్సి వచ్చేలా పెట్టండి. స్క్రీన్‌ను నలుపు తెలుపు చేయండి, రంగులు పోతే రీల్స్‌కు సగం రుచి పోతుంది. యాప్‌కు రోజువారీ సమయం పెట్టుకునే సదుపాయం ఉంది కానీ నాకది పనిచేయలేదు. గడువు మనమే పెట్టుకుని మనమే పొడిగించుకుంటాం.

నాలుగో అడుగు: రాత్రిని కాపాడుకోండి

పగలు చదివింది, విన్నది మెదడులో గట్టిపడేది నిద్రలో. నిద్ర తగ్గితే పైన చెప్పినవన్నీ కలిసి మీద పడతాయి: ధ్యాస నిలవదు, చిరాకు పెరుగుతుంది, చిరాకుకు చేయి మళ్లీ ఫోన్ వైపు వెళుతుంది.

2015లో అమెరికాలో 12 మందితో ఒక జాగ్రత్తైన ప్రయోగం జరిగింది. వరసగా ఐదు రాత్రులు పడుకునేముందు వెలుగుతున్న స్క్రీన్ మీద చదివించారు, ఇంకో ఐదు రాత్రులు అచ్చు పుస్తకం చదివించారు. స్క్రీన్ మీద చదివిన రోజుల్లో నిద్ర పట్టడానికి సగటున పది నిమిషాలు ఎక్కువ పట్టింది. నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ గంటన్నర ఆలస్యంగా పెరిగింది, తెల్లారి మత్తు ఎక్కువసేపు ఉంది. స్క్రీన్ మీద కూడా వాళ్లు చదివింది మామూలు పుస్తకమే. మనం పడక మీద చూసేది వాదనలు, ప్రమాదాల వీడియోలు, ఎవరో ఎవరినో తిట్టడం. వెలుగు కంటే ఈ సరుకే నిద్రను ఎక్కువ చెడగొడుతుందని నా నమ్మకం.

చేయాల్సింది ఇంతే. అలారం కోసం ఒక గడియారం కొనండి. పూర్ణా మార్కెట్‌లో చవకగానే దొరుకుతుంది. పడకగదిలో చార్జర్ తీసేయండి. పడుకునే గంట ముందు ఫోన్ అర మీదకు వెళ్లిపోవాలి. మొదటి నాలుగైదు రాత్రులు తోచదు. ఆ గంటకు ఏదో ఒక పని ముందే అనుకుని పెట్టుకోండి: మర్నాటి కూరగాయలు తరగడం, బట్టలు మడతపెట్టడం, పేపర్లో మిగిలిపోయిన పేజీ.

స్టీల్‌ప్లాంట్‌లో, పోర్టులో, కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లకు గడియారం లెక్క పనికిరాదు. నైట్ దిగి పొద్దున్న వచ్చి పడుకునేవాళ్లు ‘రాత్రి పదింటికి’ అనే నియమం పెట్టుకోకుండా ‘పడుకునే గంట ముందు’ అని పెట్టుకోవాలి. ఇంట్లోవాళ్లు ఆ సమయానికి ఫోన్ తీసి పెట్టి, తెరలు వేసి సాయపడాలి. షిఫ్ట్ మనిషికి నిద్ర అసలే కష్టం, దానికి ఫోన్ తోడైతే ఒళ్లు తట్టుకోలేదు.

ఐదో అడుగు: కాగితం మీద చదవడం మళ్లీ మొదలుపెట్టండి

తీసేసినదాని చోట ఏదో ఒకటి పెట్టకపోతే పాతదే తిరిగొస్తుంది. నేను పెట్టింది అచ్చు పుస్తకం. 2018లో పాబ్లో డెల్గాడో, సహచరులు 54 పరిశోధనలను కలిపి చూశారు. లక్షా డెబ్బై వేలమందికి పైగా పాల్గొన్న పరిశోధనలవి. విషయాన్ని వివరించే పాఠాలు చదివేటప్పుడు, ముఖ్యంగా సమయం తక్కువగా ఉన్నప్పుడు, స్క్రీన్ మీద కంటే కాగితం మీద చదివినవాళ్లకు బాగా అర్థమైందని తేలింది.

ఇలా చేయండి. మొదటి రోజు పది నిమిషాలు. ఒక పెన్సిల్ దగ్గర ఉంచుకోండి. మనసు పక్కకు పోయిన ప్రతిసారీ అంచున చిన్న చుక్క పెట్టి మళ్లీ వాక్యం దగ్గరకు రండి. అలా వెనక్కి రావడమే సాధన. మొదటి రోజు నా పేజీ అంచున పద్నాలుగు చుక్కలు పడ్డాయి. రెండు రోజులకొకసారి రెండు నిమిషాలు పెంచుకుంటూ వెళ్లండి. ఇరవై ఐదు నిమిషాలు చాలు, ఆ పైన మీ ఇష్టం.

ఇంట్లో కుదరకపోతే బయటకు వెళ్లండి. ద్వారకానగర్‌లో విశాఖ పౌర గ్రంథాలయం ఉంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు అక్కడ తల వంచుకుని కూర్చుని ఉంటారు. అందరూ చదువుతున్న చోట కూర్చుంటే మనమూ చదువుతాం. ఒంటరిగా చేసే నిగ్రహం కంటే అది చాలా సులువు.

ఆరో అడుగు: వెతికే ముందు గుర్తుతెచ్చుకోండి

2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తుచేసుకుంటూ రాసినవాళ్లు ముందుకొచ్చారు. గుర్తుతెచ్చుకోవడానికి పడే ఆ యాతనే జ్ఞాపకాన్ని గట్టిపరిచే సిమెంటు. సినిమా నటుడి పేరు గుర్తురాక నాలుక చివర ఆడుతుంటే, వెంటనే ఫోన్ తీయకుండా ఒక్క నిమిషం ఆగండి. నాలుగు ఫోన్ నంబర్లు కంఠస్థం చేయండి. రైతు బజార్‌కు చీటీ లేకుండా వెళ్లి రండి.

దారుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2000లో ఎలియనోర్ మగ్వైర్ బృందం లండన్ టాక్సీ డ్రైవర్ల మెదడును స్కాన్ చేస్తే, దారులు గుర్తుపెట్టుకోవడంలో పనికొచ్చే హిప్పోక్యాంపస్ వెనక భాగం మామూలువాళ్ల కంటే పెద్దదిగా కనిపించింది. 2020లో కెనడాలో 50 మంది డ్రైవర్లను పరిశీలిస్తే, జీపీఎస్ మీద ఎక్కువగా ఆధారపడినవాళ్లకు దారి జ్ఞాపకం బలహీనంగా ఉంది. విశాఖవాళ్లకు ఇందులో ఒక వరం ఉంది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు సింహాచలం కొండలు, ఎక్కడ నిలబడ్డా దిక్కు తెలుస్తుంది. తెలియని పేటకు వెళ్లేటప్పుడు బయల్దేరే ముందు మ్యాప్ ఒకసారి చూసి మూసేయండి. వన్‌టౌన్ సందుల్లో దారి తప్పితే పాన్‌షాపు దగ్గర అడగండి. ‘ఇలా స్ట్రెయిట్‌గా వెళ్లి గుడి దగ్గర ఎడమకి’ అని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఏడో అడుగు: రోజుకు కొంతసేపు ఏమీ చేయకండి

మనం ఏ పనీ చేయనప్పుడు మెదడు ఆగిపోదు. 2001లో మార్కస్ రేకిల్ అనే మెదడు శాస్త్రవేత్త ఈ సంగతి వివరించారు. ఖాళీగా ఉన్నప్పుడు కలిసి పనిచేసే కొన్ని భాగాలు ఉన్నాయి. జరిగినవి నెమరువేసుకోవడం, రేపటిని ఊహించుకోవడం, నా గురించి నేను అనుకోవడం అప్పుడే ఎక్కువగా సాగుతాయి. ప్రతి ఖాళీలోనూ వీడియో దూరిస్తే ఆ నెమరుకు చోటుండదు.

పొద్దున్నే వాహనాలు ఆపేసిన వేళ ఆర్‌కే బీచ్ రోడ్డు మీద ఫోన్ లేకుండా నడవండి. ఇయర్‌ఫోన్లు కూడా వద్దు, అలల చప్పుడు చాలు. సాయంత్రం భీమిలి వెళ్లే 900కె బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఋషికొండ దాటాక సముద్రం కనిపిస్తూనే ఉంటుంది. ఎప్పుడైనా పిల్లలతో కిరండూల్ ప్యాసింజర్‌లో అరకు వెళ్లండి. సొరంగాల వరసలో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకుండా ఫోన్లు జేబుల్లోకి వెళ్లిపోతాయి. మా అబ్బాయి చిన్నప్పటి సంగతులు గంటసేపు మాట్లాడింది ఆ రైల్లోనే.

ఎనిమిదో అడుగు: పిల్లలు, పెద్దవాళ్లు

నిగ్రహం, ముందుచూపు చూసుకునే, నుదుటి వెనక ఉండే మెదడు భాగం ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది. పదహారేళ్ల పిల్లాడి చేతిలో ఫోన్ పెట్టి ‘నీకు బుద్ధి లేదా’ అనడం, ఇంకా కడుతున్న గోడ మీద స్లాబ్ వేసినట్టే. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్లవాళ్లకు రోజుకు గంటకు మించకుండా పెద్దవాళ్లు పక్కనుండి చూపించాలని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. వీడియో కాల్లో తాతగారితో మాట్లాడటం వేరు సంగతి. అన్నం తినిపించడానికి ఫోన్ పెట్టడం మాత్రం దయచేసి మానండి. ఏం తింటోందో, కడుపు నిండిందో లేదో బిడ్డకు తెలియదు.

ఇంటర్ పిల్లలతో సమస్య ఇంకోలా ఉంటుంది. మెటీరియల్ అంతా పీడీఎఫ్‌గా వాట్సాప్‌లోనే వస్తుంది. చదువు కోసం ఫోన్ తీస్తారు, పది నిమిషాలకు ఇంకెక్కడో ఉంటారు. మేం కనుక్కున్న మార్గం జిరాక్స్ షాపు. వారానికోసారి ఆ వారం మెటీరియల్ అంతా ప్రింట్ తీయిస్తాం. వాడిని ఫోన్ అర మీద పెట్టమన్న మొదటి రోజు, “నువ్వు మాత్రం భోజనం దగ్గర చూడట్లేదా అమ్మా?” అన్నాడు. నిజమే. ఆ పూట నుంచి నియమం ఇంటిల్లిపాదికీ ఒకటే అయింది. తండ్రి ఫోన్ కూడా అర మీదకు చేరాక వాడు మళ్లీ వాదించలేదు.

పెద్దవాళ్ల దగ్గర ఫోన్ లాక్కునే పని పెట్టుకోకండి. మా అత్తగారికి మధ్యాహ్నాలు పొడుగు, మాట్లాడేవాళ్లు తక్కువ. ఆవిడ చూసే ప్రవచనాలు ఆవిడకు తోడు. నేను చేసింది రెండే పనులు: తనంతట తానే తర్వాతి వీడియో మొదలయ్యే ఆటోప్లే ఆపేశాను, సాయంత్రం అరగంట ఆవిడ పక్కన కూర్చుంటున్నాను. “ఇదిగో అమ్మాయ్, ఇందులో ఉల్లిపాయ రసంతో షుగర్ తగ్గుతుందంటున్నారు” అని చూపిస్తే నవ్వి కొట్టిపారేయను. మాత్ర ఆపకూడదని, డాక్టర్‌ను అడుగుదామని చెబుతాను. అడుగుతాం కూడా.

తొమ్మిదో అడుగు: చేయి దాటిపోయినప్పుడు సాయం అడగండి

ఎక్కువ వాడటం వేరు, వ్యసనం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో ‘గేమింగ్ డిజార్డర్’ ఉంది. ఆట మీద అదుపు పోవడం, మిగతా జీవితమంతా ఆట తర్వాతే అవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇది సాధారణంగా ఏడాదిపాటు సాగడం దాని గుర్తులు. రీల్స్, షాపింగ్, ఆన్‌లైన్ బెట్టింగ్ విషయంలోనూ ఇలాగే ఉంటే, చదువు ఆగిపోయినా, అప్పులు దాస్తున్నా, నిద్ర తలకిందులైనా, మనిషి బతకాలని లేదన్నట్టు మాట్లాడినా, ఏడాది ఆగకండి.

టెలిమానస్ నంబరు 14416. 2022లో మొదలైన ఈ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోన్ చేసినప్పుడు ‘మా అబ్బాయి చెడిపోయాడు’ అని మొదలుపెట్టకుండా ఎన్నాళ్లుగా, రోజుకు ఎంతసేపు, ఏది ఆగిపోయింది, నిద్ర ఎలా ఉంది అన్నవి చెప్పండి. మీ నోటుబుక్కు అప్పుడు పనికొస్తుంది. విశాఖలో వాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉన్నాయి. ఆ గేటు లోపలికి వెళితే ఎవరైనా చూస్తారేమో అనే భయంతో నెలలు పోగొట్టుకున్న ఒక కుటుంబం నాకు తెలుసు. కంటికి చూపించుకోవడానికి వెళ్లినట్టే వెళ్లండి. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో టెక్నాలజీ వాడకం సమస్యల కోసమే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది.

పదో అడుగు: రెండు వారాలు పరీక్షించి, మళ్లీ లెక్క చూడండి

2025లో వచ్చిన ఒక పరిశోధనలో 467 మంది పాల్గొన్నారు. రెండు వారాలపాటు వాళ్ల ఫోన్లో మొబైల్ ఇంటర్నెట్ మాత్రం ఆపారు, కాల్స్, మెసేజ్‌లు ఉన్నాయి, కంప్యూటర్లో ఇంటర్నెట్ వాడుకోవచ్చు. ధ్యాస నిలిపే శక్తి, మానసిక ఆరోగ్యం రెండూ మెరుగయ్యాయి. పూర్తిగా పాటించినవాళ్లు తక్కువే, అయినా సగటున లాభం కనిపించింది. మనం యూపీఐ లేకుండా బతకలేం కాబట్టి అంతగా ఆపలేకపోవచ్చు. రెండు నుంచి ఐదు వరకు అడుగులు రెండు వారాలు చేయండి. అలవాటు గట్టిపడటానికి లండన్‌లో జరిగిన ఒక పరిశీలనలో సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18 చాలాయి, కొందరికి 250 దాటవచ్చని అంచనా వేశారు. కాబట్టి మధ్యలో ఒక ఆదివారం అంతా రీల్స్‌లో పోయిందంటే సోమవారం పొద్దున్న ఫోన్ మళ్లీ అర మీద పెట్టండి, అంతే.

పదిహేనో రోజు రాత్రి నోటుబుక్కు తెరిచి, మొదటి వారం పేజీ పక్కన కొత్త పేజీ రాయండి. అన్‌లాక్‌లు ఎన్ని, నిద్ర పట్టిన వేళ, చదివేటప్పుడు అంచున పడ్డ చుక్కలు. నా పుస్తకంలో పద్నాలుగు చుక్కలు ఐదుకు దిగాయి, నిద్ర అరగంట ముందుకొచ్చింది. గీత గీసిన రెండు సందర్భాల్లో కస్టమర్‌తో గొడవైన తర్వాత ఫోన్ తీయడం మాత్రం తగ్గలేదు. దానికి ఇప్పుడు వేరే దారి చూస్తున్నాను: గొడవవగానే లేచి, బాటిల్ నింపుకోవడానికి మేడ మీదకు వెళుతున్నాను. ఈ వారానికి ఆ వరుస ఎదురుగా మూడు అని పడింది.